కాంతిలిపి – తొలి పాఠాలు

మానవుడు తన కంటికి కనిపించినదానిని కలకాలం నిలుపుకోవాలని అనాదిగా తపిస్తూనే ఉన్నాడు. గుహల గోడలపై గీసిన జంతువుల రూపాలు, రాతిలో మలచిన ప్రతిమలు, గుడ్డపై అద్దిన చిత్రాలు ఆ తపనకు సాక్ష్యాలు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ తపనకు ఒక కొత్త సాధనం లభించింది. అదే ఛాయాచిత్రం. గ్రీకు భాషలో 'ఫోటోస్' అంటే కాంతికి సంబంధించినది, 'గ్రాఫే' అంటే రాత. కనుక ఫొటోగ్రఫీ అంటే కాంతితో రాయడమని అర్థం. రాత ఉన్నచోట అక్షరాభ్యాసం తప్పదు. విలువైన కలం చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ కవి కాలేరు. అట్లే కొత్త కెమెరా కొన్నంత మాత్రాన ఎవరూ ఛాయాచిత్రకారులు కాలేరు. కాంతిలిపికీ ఓనమాలు ఉన్నాయి, గుణింతాలు ఉన్నాయి, వ్యాకరణం ఉంది.

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో సురంగల్ అనే గ్రామం ఉంది. హైదరాబాదు మహానగరం నానాటికీ విస్తరిస్తూ ఈ పల్లెల వైపు నడచి వస్తున్నది. మరొకవైపు చేవెళ్ల ప్రాంతపు కూరగాయల మళ్లు, బంతి, చామంతి, గులాబీ తోటలు ఇంకా పల్లె జీవనాన్ని నిలబెడుతున్నాయి. ఇటువంటి గ్రామంలో ఒక విద్యార్థి కొత్తగా కెమెరా సంపాదించుకున్నాడనుకుందాం. దానితో అతడు ఏమి నేర్చుకోవాలి? మీట నొక్కితే చాలు బొమ్మ తానే వచ్చే ఈ కాలంలో అసలు నేర్చుకోవలసిన అవసరం ఏమున్నది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేర్చుకున్నవారి చరిత్ర

ఫ్రాన్సు దేశస్థుడైన నిసెఫోర్ నియెప్స్ 1826–27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుంచి కనిపించే దృశ్యాన్ని ఒక లోహఫలకంపై నిలపగలిగాడు. మనకు మిగిలిన తొలి ప్రకృతి ఛాయాచిత్రం అదే. ఆ ఒక్క చిత్రానికి ఎన్నో గంటల కాంతి అవసరమైంది. అతని సహచరుడు లూయీ డగేర్ ఆ పద్ధతిని మెరుగుపరచగా, 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం ఆ రహస్యాన్ని లోకానికి వెల్లడించింది. ఈనాడు ఆగస్టు 19ని ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవంగా జరుపుకోవడానికి ఇదే కారణం. మరుసటి సంవత్సరానికే ఈ విద్య కలకత్తా నగరానికి చేరింది. 1855లో బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో ఛాయాచిత్రకళను బోధించే తరగతి ఆరంభమైంది. అంటే ఈ కళ మన దేశంలో అడుగుపెట్టిన పదిహేనేళ్లకే దానిని గురుముఖంగా నేర్చుకునే ఏర్పాటు జరిగిందన్నమాట.

తెలుగు నేలతో గాఢమైన అనుబంధం గల ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. ఈయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందోరులోని ప్రజాపనుల శాఖలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే పనివాడిగా చేరాడు. ఉద్యోగం చేసుకుంటూనే 1874 ప్రాంతంలో కెమెరా చేతబట్టాడు. కొలతలకు అలవాటుపడిన చేయి, నిలువు అడ్డం రేఖలను పసిగట్టే కన్ను ఆయనకు ముందే ఉన్నాయి. వాటికి కాంతిజ్ఞానం తోడైంది. కాలక్రమంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరి, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేక చిత్రశాలను ఏర్పాటుచేసి, దాని నిర్వహణను ఒక మహిళకే అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకు 'ముసవ్విర్ జంగ్' బిరుదును ప్రదానం చేశాడు. 'ముసవ్విర్' అంటే చిత్రకారుడు. 1905లో ఆయన మరణించాడు. ఆయన చిత్రశాలకు చెందిన 2,857 గాజు ఫలకాలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన స్మృతిచిహ్నంగా బిళ్ల వెలువరించింది.

ఈ జీవితం నుంచి గ్రహించవలసిన విషయం ఒకటున్నది. దీన్‌దయాళ్ పుట్టుకతో చిత్రకారుడు కాడు. ముప్ఫయ్యో ఏట, వేరొక వృత్తిలో ఉండగా, ఈ విద్యను మొదలుపెట్టాడు. ఆ రోజులలో ఒక్క చిత్రం తీయడానికి బరువైన కెమెరాను, ముక్కాలి పీటను, గాజు పలకలను మోసుకుపోవలసి వచ్చేది. పలక చెడితే శ్రమ అంతా వృథా అయ్యేది. అందుచేత మీట నొక్కేముందే చిత్రాన్ని మనస్సులో పూర్తిగా ఊహించుకోవడం ఆనాటివారికి తప్పనిసరి అయింది. ఇప్పుడు వేల చిత్రాలు ఖర్చు లేకుండా తీయవచ్చు. ఆ సౌకర్యం మంచిదే కాని, ముందు ఆలోచించి తరువాత తీయడమనే గుణాన్ని అది మన నుంచి నెమ్మదిగా దూరం చేస్తున్నది. ప్రారంభ శిక్షణ చేసే మొదటి మేలు ఆ గుణాన్ని తిరిగి తెచ్చివ్వడమే.

అమెరికాలోని కొడాక్ సంస్థలో 1975లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరా నమూనాను తయారుచేశాడు. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. అది తీసిన చిత్రంలో కేవలం పదివేల చుక్కలు ఉండేవి. ఒక్క చిత్రాన్ని టేపుమీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. ఈనాటి సాధారణ కెమెరాలో రెండుకోట్లకు పైగా చుక్కలు ఉంటాయి. యంత్రం ఇంతగా మారినా, దాని మూలసూత్రం మాత్రం నియెప్స్ కాలం నాటిదే. చీకటి పెట్టె, దానికి ఒక రంధ్రం, లోపల కాంతిని గ్రహించే ఒక ఫలకం – ఏ కెమెరా అయినా ఇంతే.

తూము, సమయం, నేల

కొత్త కెమెరాపై ఉన్న మీటలను, అంకెలను చూసి విద్యార్థులు బెదరిపోవడం సహజం. వాటిలో చిత్రానికి ప్రాణం వంటివి మూడే. మొదటిది కటకంలోని కాంతిద్వారం. దీనినే అపర్చర్ అంటారు. రెండవది ఆ కాంతిని ఎంతసేపు లోపలికి రానివ్వాలో నిర్ణయించే షట్టరు వేగం. మూడవది లోపలి ఫలకం కాంతికి ఎంత త్వరగా స్పందించాలో తెలిపే ఐ.ఎస్.ఓ. సంఖ్య.

చెరువు కింద సేద్యం చేసేవారికి ఈ మూడింటి సంబంధాన్ని వివరించడం సులభం. చెరువు నీరు మడికి పారాలి. తూము ఎంత వెడల్పుగా తీశాము, ఎంతసేపు తీసి ఉంచాము, నేల ఎంత త్వరగా తడుస్తుంది – ఈ మూడు విషయాలపైనే మడి సరిగా తడవడం ఆధారపడుతుంది. తూము చిన్నదైతే ఎక్కువసేపు నీరు వదలాలి. తూము పెద్దదైతే కొద్దిసేపు చాలు. నీరు తక్కువైతే పైరు ఎండుతుంది, ఎక్కువైతే మురుగుతుంది. చిత్రంలో కూడా కాంతి తక్కువైతే నలుపు కమ్ముకుంటుంది, ఎక్కువైతే తెల్లబారి వివరాలు నశిస్తాయి. తూము కాంతిద్వారం, నీరు వదిలిన సమయం షట్టరు వేగం, నేల గుణం ఐ.ఎస్.ఓ. సంఖ్య.

కాంతిద్వారాన్ని తెలిపే అంకెలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అనే వరుసలో ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ఇది తొలుత తికమక కలిగిస్తుంది. కారణం తెలిస్తే తికమక తొలగుతుంది. కటకపు నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఇది. 50 మిల్లీమీటర్ల కటకంలో ద్వారం 25 మిల్లీమీటర్లు తెరచుకుంటే ఆ సంఖ్య 2 అవుతుంది. అదే ద్వారం 12.5 మిల్లీమీటర్లకు తగ్గితే సంఖ్య 4 అవుతుంది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది కనుక, 2 నుంచి 4కు వెళ్లేసరికి కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా కాంతి సగమవుతుంది. షట్టరు వేగాలు సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు, 500వ వంతు అనే వరుసలో ఉంటాయి. అక్కడ కూడా మెట్టు మెట్టుకూ కాంతి సగమవుతుంది. ఐ.ఎస్.ఓ. 100, 200, 400, 800 అంటూ రెట్టింపవుతుంది. మూడింటికీ మెట్టు విలువ ఒకటే కావడం వల్ల ఒకచోట తగ్గించినదానిని మరొకచోట పూరించవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. లేత ఎండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద ద్వారం 8, వేగం సెకనులో 250వ వంతు పెడితే చిత్రం సరిగా వచ్చిందనుకుందాం. ద్వారాన్ని 4కు తెరచి, వేగాన్ని 1000వ వంతుకు పెంచినా అదే కాంతి లోపలికి వస్తుంది. ద్వారాన్ని 16కు కుదించి, వేగాన్ని 60వ వంతుకు తగ్గించినా ఇంచుమించు అదే కాంతి. వెలుగు మూడింటిలోనూ సమానమే. కాని చిత్రాలు మూడూ వేరు. మొదటిదానిలో తోటలోని చామంతి పువ్వు, దాని వెనుక కొద్ది దూరం వరకు స్పష్టంగా ఉంటాయి. రెండవదానిలో పువ్వు ఒక్కటే స్పష్టమై, వెనుక ఉన్నదంతా మెత్తగా కరిగిపోతుంది. గాలికి ఊగే రేకు కూడా నిలిచిపోతుంది. మూడవదానిలో ముందున్న పువ్వు మొదలు దూరాన ఉన్న చెట్టు వరకు స్పష్టత వ్యాపిస్తుంది; అయితే గాలి వీచిందా, పువ్వు కదలిక చెదిరిన గీతగా మారవచ్చు. ఈ మూడింటిలో ఏది ఉత్తమం? తీసేవాని ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. పువ్వు అందాన్ని చెప్పాలా, తోట విస్తీర్ణాన్ని చెప్పాలా, గాలి ఉనికిని చెప్పాలా? యంత్రానికి ఆ సంగతి తెలియదు. అందుకే నిర్ణయం మనిషి చేతిలో ఉండాలి.

యంత్రం చేసే ఊహ

మీట నొక్కితే చాలు బొమ్మ వస్తుందన్న మాట నిజమే. అయితే ఆ బొమ్మ వెనుక యంత్రం చేసిన ఒక ఊహ దాగి ఉంది. కెమెరాలోని కాంతిమాపకం తన ముందున్న ప్రపంచమంతా సగటున ఒక మధ్యస్థ బూడిదరంగు వెలుగులో ఉంటుందని భావిస్తుంది. పడిన కాంతిలో సుమారు 18 శాతం తిరిగి వెదజల్లే వస్తువును ఇందుకు ప్రమాణంగా చెప్పడం ఫొటోగ్రఫీ బోధనలో ఆచారం. ఇంటి ముంగిలి, పొలం, చెట్లు వంటి సాధారణ దృశ్యాలకు ఈ ఊహ సరిపోతుంది. కాని ప్రపంచమంతా సగటున ఉండదు.

తెల్లని చామంతుల రాశిని తీసి చూడండి. ఇంత తెలుపును చూసిన యంత్రం కాంతి ఎక్కువైందని భ్రమపడి తగ్గిస్తుంది. పువ్వులు బూడిదరంగుకు తిరుగుతాయి. నల్లని బర్రెను తీసి చూడండి. ఇంత నలుపును చూసి కాంతి చాలలేదని భ్రమపడి పెంచుతుంది. బర్రె వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. దీనికి విరుగుడు కెమెరాపై కూడిక, తీసివేత గుర్తులున్న మీట. తెల్లని వస్తువుకు ఒక మెట్టు కలపాలి, నల్లని వస్తువుకు ఒక మెట్టు తీసివేయాలి. తెలుపుకు కలపడమా అని తొలుత ఆశ్చర్యం కలుగుతుంది. యంత్రం చేసిన పొరపాటును తిరగదోయడమే ఇందులోని మర్మం.

ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. చెట్టు నీడలో కూర్చున్న రైతు ముఖాన్ని, అతని వెనుక మండే ఎండను కలిపి తీస్తే, యంత్రం ఎండను లెక్కలోకి తీసుకొని ముఖాన్ని చీకటిలోకి నెడుతుంది. నల్లని మేనిఛాయ గల మనిషి ముఖంలోని వివరాలు మొదట నష్టపోతాయి. ఏ ముఖం కనబడాలి, ఏది కనబడనక్కరలేదు అన్న నిర్ణయాన్ని మనం చేయకపోతే, సగటును నమ్మే యంత్రం చేస్తుంది. ముఖంపైనే కాంతిని కొలిచే పద్ధతి నేర్చిన విద్యార్థి ఆ రైతుకు న్యాయం చేయగలుగుతాడు.

వెలుగు గుణాలు

కాంతి ఎంత ఉన్నదన్నది ఒక ప్రశ్న. ఎటువంటిది, ఎటు నుంచి వస్తున్నదన్నది మరొక ప్రశ్న. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కళ్ల కింద నల్లని నీడలు పడతాయి, రంగులు పాలిపోతాయి. ఉదయం పొద్దు పొడిచిన గంటలోపు, సాయంకాలం గోధూళి వేళ సూర్యకిరణాలు వాలుగా వస్తాయి. అప్పుడు మర్రిచెట్టు బెరడులోని ప్రతి మడత, ఊడలలోని ప్రతి పురి నీడతో సహా ఉబికి వస్తుంది. మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా ఒక పెద్ద తెరలా మారి వెలుగును సమంగా పంచుతుంది. ముఖచిత్రాలకు, పూల రంగులకు ఆ వెలుగు అనుకూలం.

వెలుగుకు రంగు కూడా ఉంది. పాత తంతువు బల్బు వెలుగు సుమారు 2,800 కెల్విన్ డిగ్రీల వద్ద పసుపు వన్నెతో ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500 వద్ద తెల్లగా ఉంటుంది. చెట్టునీడలో నీలి ఆకాశం నుంచి పడే వెలుగు 7,000 దాటి నీలి వన్నె పొందుతుంది. మన కన్ను, మనస్సు కలిసి ఈ భేదాన్ని సవరించుకుంటాయి కనుక మనకు అది తెలియదు. కెమెరాకు మాత్రం ఏ వెలుగులో తీస్తున్నామో చెప్పాలి. లేకుంటే సాయంత్రపు దీపకాంతిలో తీసిన తెల్లచీర పసుపుగా కనిపిస్తుంది.

గురువు ఎందుకు?

ఇవన్నీ కెమెరాతో వచ్చే చిన్న పుస్తకంలో ఉన్నవే కదా, తరగతి ఎందుకు అని కొందరు అడుగుతారు. మీట ఎక్కడుందో పుస్తకం చెబుతుంది. ఎప్పుడు నొక్కాలో చెప్పదు. మన చిత్రంలోని లోపం మనకు కనబడదు. తీసేటప్పుడు మన మనస్సులో ఉన్న అనుభూతిని మనం చిత్రంలో ఊహించుకుంటాం. తొలిసారి చూసేవారికి ఆ అనుభూతి లేదు; వారికి కనిపించేది చిత్రం మాత్రమే. తల వెనుక నుంచి మొలిచినట్లున్న కరెంటు స్తంభాన్ని, వంగిన క్షితిజరేఖను, అంచులో సగం తెగిన చేతిని వారు వెంటనే చూపిస్తారు. ఇతరుల కన్ను అద్దంగా ఉపయోగపడడమే తరగతిలోని అసలు ప్రయోజనం.

మంచి ప్రారంభ శిక్షణలో అభ్యాసాలు చిన్నవిగా, నియమాలు కఠినంగా ఉంటాయి. ఒకే చెట్టును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, మబ్బువేళ తీసి నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఒక అభ్యాసం. ఒకే కటకంతో వారమంతా తీయడం, దూరం మార్చవలసి వస్తే కాళ్లతోనే నడవడం మరొకటి. ఒక పూటకు 20 చిత్రాలే అని పరిమితి విధించుకోవడం ఇంకొకటి. ప్రతి చిత్రం పక్కన ద్వారం, వేగం, ఐ.ఎస్.ఓ. సంఖ్యలను నోటుపుస్తకంలో రాసి, ఆ సంఖ్యలనే ఎందుకు ఎన్నుకున్నాడో ఒక వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ చిత్రం బాగున్నా అది అదృష్టమే తప్ప విద్య కాదు. ఈ విద్యను జీవనమార్గంగా స్వీకరించదలచినవారికి హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుకళా, లలితకళల విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ ప్రధానాంశంగా పట్టభద్ర స్థాయి చదువు ఉంది. ఈ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది.

చిత్రం సాక్ష్యమైనప్పుడు

నేర్చిన విద్య ఎక్కడ అక్కరకు వస్తుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా బీజాపూర్ వైపు సాగే రహదారికి ఇరువైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం పాలనాకాలంలో బాటసారుల నీడకోసం నాటినవని వాటికి ప్రసిద్ధి. వాటి సంఖ్య సుమారు తొమ్మిది వందలు. రహదారిని విస్తరించాలన్న నిర్ణయంతో ఈ చెట్ల మనుగడ ప్రశ్నార్థకమైంది. విస్తరణ కోరేవారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. ఇరుకైన ఆ బాటపై ప్రమాదాలు జరుగుతూ వచ్చాయి. 2025 నవంబరులో చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద జరిగిన బస్సు ప్రమాదంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. మనుషుల ప్రాణాలు, శతాబ్ది వయస్సు గల చెట్లు – రెండూ నిలవాలంటే ముందుగా అక్కడ ఏమున్నదో కచ్చితంగా తెలియాలి. ప్రకృతి ప్రేమికులు కొందరు ఆ చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించి, వాటి స్థానాలను గుర్తించి, ఛాయాచిత్రాలతో నమోదు చేశారు. వివాదం జాతీయ హరిత న్యాయస్థానం ముందుకు వెళ్లింది. 'చాలా చెట్లు పోతాయి' అన్న ఆవేదన కన్నా 'ఈ స్థానంలో ఈ చెట్టు ఉంది' అన్న నమోదుకు బలం ఎక్కువ.

అయితే ప్రతి ఛాయాచిత్రమూ సాక్ష్యం కాలేదు. అందుకు కొన్ని లక్షణాలు ఉండాలి. తీసిన తేదీ, స్థలం తెలియాలి. చెట్టు పరిమాణం తెలియడానికి పక్కన ఒక మనిషో, కొలకర్రో ఉండాలి. కాండం మొదలు కొమ్మల చివర వరకు స్పష్టంగా ఉండాలి. ఇందుకే చిన్న కాంతిద్వారం, ముక్కాలి పీట అవసరమవుతాయి. మూలచిత్రాన్ని మార్పు చేయకుండా భద్రపరచాలి. మరల రెండేళ్ల తరువాత అదే చోట నిలబడి, అదే నాభ్యంతరంతో, అదే ఋతువులో మరొక చిత్రం తీస్తే, రెండింటి మధ్య జరిగిన మార్పు మాటల అవసరం లేకుండా వెల్లడవుతుంది. ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు హిమనదాల క్షయాన్ని కొలవడానికి కూడా ఉపయోగిస్తారు.

ఈ పరిసరాలలో ఇటువంటి నమోదు కోరే విషయాలు మరెన్నో ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసిన తరువాత, వరదలను అదుపు చేయడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మించారు. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి ప్రభుత్వం 1996లో 111వ నంబరు ఉత్తర్వు ద్వారా 84 గ్రామాల పరిధిలో కట్టడాలపై ఆంక్షలు విధించింది. మొయినాబాద్ మండలంలోని పలు గ్రామాలు ఆ పరిధిలోనివే. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. కుంటలు, వాగులు, పొలం గట్లు, తోటలు రానున్న ఏళ్లలో ఏ రూపం దాలుస్తాయో ఊహించడం కష్టం. కాని ఈనాడు అవి ఎట్లా ఉన్నాయో చూపించడం సాధ్యమే. ఆ పని చేయగలవాడు ఢిల్లీ నుంచో, విదేశం నుంచో రానక్కరలేదు. ఏ వాగు ఏ నెలలో పారుతుందో, ఏ తోట ఏ వారం పూస్తుందో తెలిసిన ఊరివాడే అందుకు అర్హుడు.

చూపులోని మర్యాద

ఛాయాచిత్రంలో కాంతి ఎంత ముఖ్యమో, మర్యాద అంతే ముఖ్యం. తెల్లవారుజామున పూలు కోసే స్త్రీలు తమ పనిలో ఉండగా అడగకుండా కెమెరా ఎత్తడం వారి ఇంటిలోకి పిలవకుండా ప్రవేశించడం వంటిది. 'అక్కా, మీ ఫొటో తీయవచ్చునా?' అని అడగడం, చిత్రాన్ని ఏమి చేస్తామో చెప్పడం, వద్దంటే వినడం తొలి పాఠాలలోనే నేర్వవలసినవి. తీసిన చిత్రాన్ని అచ్చు వేయించి వారికి ఇవ్వడం ఇంకా మంచిది. పేదరికాన్ని దయనీయంగా చూపి మెప్పు పొందడం సులభం. శ్రమలోని నేర్పును, ముఖంలోని గౌరవాన్ని చూపడం కష్టం. తెలంగాణ పల్లె జీవనాన్ని, శ్రమ చేసే స్త్రీలను, బతుకమ్మ వేడుకను దశాబ్దాల పాటు చిత్రించి 2022లో కన్నుమూసిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ ఈ రెండవ మార్గాన్ని ఎంచుకున్నవారు. ఆయన చిత్రాలలోని మనుషులు మన జాలిని కోరరు, మన చూపును కోరుతారు.

మరొక మర్యాద సత్యానికి సంబంధించినది. లేని చెట్టును చేర్చడం, ఉన్న స్తంభాన్ని తొలగించడం ఈనాటి కంప్యూటరుకు క్షణాల పని. అలంకారచిత్రంలో దానికి చోటు ఉండవచ్చు. సాక్ష్యంగా చూపదలచిన చిత్రంలో మాత్రం దానికి చోటు లేదు. ఒక్క చిత్రంలో అసత్యం బయటపడితే, ఆ మనిషి తీసిన తక్కిన చిత్రాలన్నిటి విలువ పడిపోతుంది. చిత్రాలు కృత్రిమంగా పుట్టించడం తేలికైన కొద్దీ, నిజాయితీగా తీసి వివరాలతో భద్రపరచిన చిత్రం విలువ పెరుగుతుందే కాని తరగదు.

కావున కొత్త కెమెరా చేతికి వచ్చిన విద్యార్థి చేయవలసిన పని స్పష్టం. మొదట యంత్రాన్ని తెలుసుకోవాలి, తరువాత వెలుగును తెలుసుకోవాలి, ఆపైన తన ఊరిని తెలుసుకోవాలి. మొదటిదానికి కొన్ని వారాలు చాలు. రెండవదానికి కొన్ని ఋతువులు కావాలి. మూడవదానికి జీవితకాలం కూడా చాలకపోవచ్చు. అయినప్పటికీ మొదటి మెట్టు ఎక్కనివారికి మూడవ మెట్టు అందదు. తూమును, సమయాన్ని, నేలను ఎరిగి మడికి నీరు పెట్టే రైతు వలె, ద్వారాన్ని, వేగాన్ని, స్పందనను ఎరిగి మీట నొక్కేవాడే కాంతిలిపిలో అక్షరాస్యుడు. ఆ అక్షరాస్యత గల చేతిలో కెమెరా ఊరి కథను పదిలపరిచే గ్రంథమవుతుంది.